గుర్రపు లద్దె ఎరువు వేసిన కూరగాయల మడుల్లో విపరీతంగా మొలుస్తున్న కలుపు

పెరటిమడి (ప్రశ్న)

నమస్కారం. నేను ఆరు మడుల్లో కూరగాయలు పండిస్తున్నాను. నేల సత్తువ తగ్గినట్టు అనిపించడంతో ఈసారి ఒక లాయం నుంచి గుర్రపు లద్దె ఎరువు తెచ్చుకున్నాను. అది ఎనిమిది నెలలుగా ఆరుబయట పోగుపడి ఉన్న ఎరువు. పైభాగం నల్లగా, పొడిపొడిగా, మట్టివాసనతో ఉండడం చూసి బాగా మాగిందని నమ్మి, నాలుగు మడుల్లో రెండంగుళాల మందాన పరచి, పారతో తిరగేసి మట్టిలో కలిపాను. ముల్లంగి, క్యారెట్ వంటి వాటికి ఎరువు ఘాటైతే వేరు చీలిపోతుందని విని ఉన్నందున వాటి కోసం ఉంచిన రెండు మడులకు వేయలేదు.

మూడు వారాలు తిరగకుండానే ఎరువు వేసిన నాలుగు మడులూ నారుమడుల్లా పచ్చబడ్డాయి. సన్నని గడ్డి మొలకలు అన్నిటికన్నా ఎక్కువ. వాటి మధ్య తోటకూర జాతి కలుపు, గంగపాయల, నేను గుర్తుపట్టలేని గుండ్రని ఆకుల మొలకలు కొన్ని ఉన్నాయి. ఒకచోట అరచేయి ఆనించి, దాని కింద పడిన మొలకలను లెక్కపెడితే 43 తేలాయి. ఎరువు వేయని రెండు మడుల్లో ఎప్పటిలాగే అక్కడొకటి ఇక్కడొకటి మాత్రమే ఉన్నాయి. ఒక గడ్డి మొలకను వేరుతో సహా మెల్లగా పైకి తీసి చూసినప్పుడు దాని అడుగున చిన్న లద్దె ముక్క అంటుకొని ఉంది. ఆ ముక్కను వేళ్ళ మధ్య నలిపితే, సరిగా నలగని గడ్డి పోచలతో పాటు ఇంకా మొలవని గింజలు రెండు కనిపించాయి. కాబట్టి ఈ కలుపు ఎరువుతోనే వచ్చిందనడంలో నాకు పెద్దగా అనుమానం లేదు.

ఇప్పుడు నాకు తెలియవలసినవి ఇవి. ఎనిమిది నెలలు మాగినా విత్తనాలు ఎందుకు చావలేదు? పోగులో ఇంకా సగానికి పైగా ఎరువు మిగిలి ఉంది. దాన్ని వాడుకునే మార్గం ఉందా, లేక పారబోయాలా? మడుల్లో ఇప్పటికే చేరిన విత్తనాల సంగతి ఏమిటి, పైమట్టి తీసివేయాలా, కలుపు మందు కొట్టాలా? ఇంకొక చిన్న విషయం కూడా ఉంది. ఆ మడుల్లో ఒకదానిలో నాటిన టమాటా మొక్కల ఆకులు కొద్దిగా ముడుచుకుంటున్నాయి. ఎరువు ఘాటు ఎక్కువై ఉంటుందని అనుకొని దాన్ని అంతగా పట్టించుకోలేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

కంపోస్టు కుప్ప

మీ మొదటి ప్రశ్నలోనే అసలు చిక్కు ఉంది. ఎరువు ఎన్ని నెలలు పడి ఉన్నదన్నది కలుపు విత్తనానికి లెక్కలోనిది కాదు. అది ఎంత వేడెక్కింది, ఆ వేడిలో ఎంత తడిగా ఉంది, ఎన్ని రోజులు అలా ఉంది అన్నవే లెక్క. ఆరుబయట కదపకుండా వదిలేసిన పోగు నడిమి భాగం మొదటి రెండు మూడు వారాల్లో బాగానే వేడెక్కి ఉండవచ్చు. కానీ అంచుల నుంచి ఒక అడుగు లోతు వరకు ఉన్న ఎరువుకు ఆ వేడి ఎప్పుడూ తగలదు. చిన్న పోగులో అంచులే ఎక్కువ భాగం కాబట్టి సగానికి పైగా ఎరువు చల్లగానే నల్లబడి, చల్లగానే పొడిబారి, చూడడానికి మాగినట్టు కనిపిస్తుంది. నలుపు రంగు, మట్టివాసన చివికిన దానికి గుర్తులే గాని విత్తనాలు చచ్చాయనడానికి గుర్తులు కావు.

గుర్రం సంగతి కూడా కొంత చెప్పాలి. ఆవు, గేదె, మేక మేతను నెమరువేసి మళ్ళీ నములుతాయి. గుర్రానికి నెమరు లేదు. ఒక్కసారి నమిలి మింగిన మేత చిన్నపేగు దాటాక, పెద్దపేగు మొదట్లో ఉండే పెద్ద సంచి వంటి భాగంలో పులుస్తుంది. మేత లోనికి వెళ్ళి లద్దెగా బయటికి రావడానికి సాధారణంగా ఒకటిన్నర నుంచి మూడు రోజులు పడుతుంది. గట్టి పెంకున్న గింజకు ఈ ప్రయాణం పెద్ద కష్టమేమీ కాదు. మీరు నలిపి చూసిన లద్దె ముక్కలో గడ్డి పోచలు పోచలుగానే ఉండడానికి కారణం ఇదే.

మిగిలిన పోగును పారబోయవద్దు. గుర్రపు లద్దెకు ఉన్నంత వేడెక్కే గుణం చాలా ఎరువులకు లేదు. పారిస్ పరిసరాల్లోని కూరగాయల తోటవారు 19వ శతాబ్దంలో చలికాలపు పంటలకు వెచ్చదనం కోసం మడుల అడుగున పరిచింది ఈ లద్దెనే. బటన్ పుట్టగొడుగుల పెంపకానికి వాడే కంపోస్టు కూడా సంప్రదాయంగా లద్దె, గడ్డి కలిపి చేసేదే. ఆ వేడిని మీరు పోగు మొత్తానికి అందించాలి, అంతే.

పోగును ఒకచోటికి చేర్చి, ఎటు చూసినా కనీసం ఒక మీటరు ఉండేలా పేర్చండి. అంతకన్నా చిన్నదైతే పుట్టిన వేడి పుట్టినట్టే గాలిలో కలిసిపోతుంది. పేర్చేటప్పుడు పొర పొరకూ నీళ్ళు చల్లండి. గుప్పెడు ఎరువు తీసుకొని గట్టిగా పిండితే వేళ్ళ సందుల్లో ఒకటి రెండు చుక్కలు మెరవాలి. ధారగా కారితే తడి ఎక్కువైనట్టు. చేయి తెరవగానే ముద్ద విడిపోతే పొడిగా ఉన్నట్టు. తడి విషయంలో అశ్రద్ధ చేయవద్దని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే నానిన గింజ తట్టుకోలేని వేడిని ఎండిన గింజ సులువుగా తట్టుకుంటుంది. సరిగా పేర్చిన పోగు రెండు నుంచి నాలుగు రోజుల్లో 55 డిగ్రీల సెల్సియస్ దాటాలి. పొడవాటి కాడ ఉన్న కంపోస్టు థర్మామీటర్ ఉంటే మంచిది. చేత్తో తాకి అంచనా వేయడం మాత్రం వద్దు. 50 డిగ్రీలకే చేయి పెట్టలేము కాబట్టి 50కీ 65కీ తేడా చేతికి తెలియదు.

వేడి 55కు పైన ఉన్న 15 రోజుల్లో కనీసం ఐదు సార్లు తిరగేయాలన్నది అమెరికాలో సేంద్రియ సాగుకు వాడే కంపోస్టు విషయంలో, తిరగేసే పోగులకు పెట్టిన కొలత. అది ప్రధానంగా రోగకారక క్రిముల కోసం పెట్టినదే అయినా కలుపు విత్తనాలకూ అదే పనికొస్తుంది. తిరగేయడమంటే ఊరికే కలియబెట్టడం కాదు. అంచున ఉన్నది నడిమికి, నడిమిది అంచుకు, పైది అడుగుకు రావాలి. వేడి 70 దాటుతున్నట్టు కనిపిస్తే ఆగకుండా తిరగేయండి, లేకుంటే పని చేసే సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. ఇక తిరగేసినా వేడెక్కని స్థితి వచ్చాక, కప్పి ఉంచి, మరో రెండు నెలలు కదపకుండా మాగనివ్వాలి.

లద్దెలో రంపపు పొట్టు ఎక్కువగా కలిసి ఉంటే పోగు వేడెక్కదు. కర్బనం, నత్రజని 25 లేదా 30 పాళ్ళకు ఒక పాలు చొప్పున ఉన్నప్పుడు పోగు చురుకుగా పనిచేస్తుంది. రంపపు పొట్టులో కర్బనం దానికి పది రెట్లకు పైగా ఉంటుంది. అటువంటప్పుడు పచ్చి గడ్డి కోతలు, లేత పచ్చి ఆకులు, మూత్రంతో తడిసిన పరుపు గడ్డి కలపండి. గింజ పట్టిన కలుపును మాత్రం పచ్చిరొట్ట అనుకొని అందులో వేయవద్దు.

ఇంకొక హెచ్చరిక చేయవలసి ఉంది. మీరు వేసినది వేడెక్కని ఎరువు కాబట్టి దాన్ని పచ్చి ఎరువుగానే పరిగణించాలి. అదే సేంద్రియ నిబంధనల ప్రకారం తినే భాగం మట్టికి తగిలే పంటలకు పచ్చి ఎరువు కలిపిన నాటి నుంచి కోత వరకు 120 రోజులు, తగలని వాటికి 90 రోజులు గడవాలి. ఆ నాలుగు మడుల్లో ఆకుకూరలు ఇప్పట్లో వేయకండి.

లాయంలో

నేను కొన్నేళ్ళుగా గుర్రాల సంరక్షణ పనిలో ఉన్నాను. లాయం ఎరువు తోటవారికి ఇచ్చే బాధ్యత కూడా నాదే. కంపోస్టు కుప్ప గారు చెప్పిన వేడి లెక్క పూర్తిగా సరైనదే. ఒక్క విషయంలో మాత్రం నా అనుభవం కొంచెం వేరు. గుర్రానికి నెమరు లేకపోవడం వల్లనే ఇంత కలుపు వచ్చిందనే మాట తరచుగా వింటాము గాని, ఆవు పేడలోనూ ప్రాణమున్న గింజలు ఉంటాయి. లాయం ఎరువులో కలుపు ఎక్కువ కావడానికి ముఖ్య కారణం గుర్రం పొట్టలోకి అసలు వెళ్ళని గింజలేనని నేను అనుకుంటున్నాను.

లాయం శుభ్రం చేసే తీరు చూస్తే మీకు అర్థమవుతుంది. గుర్రం ముందు వేసిన ఎండుగడ్డిలో అది ఏరుకొని తిని కొంత కింద పడేస్తుంది. ఆ గడ్డిని పూత దశలో కోస్తే గింజ ఉండదు. ఆలస్యంగా, కంకి ముదిరాక కోస్తే విదిలించినప్పుడల్లా గింజలు రాలుతాయి. అలా రాలినవన్నీ గడ్డిమోపులు దింపిన చోట నేల మీద సన్నని పొట్టులా పేరుకుంటాయి. రోజూ సాయంత్రం ఆ పొట్టును ఊడ్చి, లద్దెతో పాటు అదే పోగు మీద వేస్తారు. దోసెడు పొట్టు తీసి తెల్ల కాగితం మీద పరచి చూడండి. సగం గింజలే ఉంటాయి. కింద పరిచే గడ్డి కూడా అంతే, నూర్పిడి సరిగా జరగకపోతే దానిలోనూ గింజలు మిగిలిపోతాయి. ఆపైన ఆరుబయట పోగు మీద, దాని చుట్టూ మొలిచిన కలుపు పూసి కాసి విత్తనాలను ఆ పోగు మీదే రాల్చుతుంది. ఎనిమిది నెలలంటే తోటకూర జాతి కలుపు రెండు తరాలు పూర్తి చేసుకోవడానికి చాలినంత సమయం. అంటే మీ పోగు మాగుతున్న కొద్దీ దానిలో విత్తనాలు తగ్గలేదు, పెరిగి ఉండవచ్చు కూడా.

అందువల్ల ఎరువు తెచ్చుకునే ముందు మేత గడ్డి ఏ దశలో కోసినది, కింద పరిచేది గడ్డా పొట్టా, ఊడ్చిన చెత్త పోగులోనే కలుస్తుందా అని అడగండి. మా దగ్గర అడిగినవారికి లద్దె వేరుగా, ఊడ్చిన చెత్త వేరుగా ఉంచి ఇస్తున్నాము; అడగనివారికి ఆ పని చేయడానికి మాకు వెసులుబాటు ఉండదు. ఒక గుర్రమే రోజుకు ఇరవై కిలోలకు పైగా లద్దె వేస్తుంది కాబట్టి అదంతా వేగంగా తరలించడమే లాయంవారి మొదటి ఆలోచనగా ఉంటుంది. తెచ్చుకున్న రోజు నుంచే పోగును కప్పి ఉంచండి.

ఒక మాట, కలుపు గురించి కాకపోయినా చెప్పక తప్పదు. గుర్రపు లద్దెలో ధనుర్వాతం కలిగించే బాక్టీరియా సిద్ధబీజాలు ఉండడం సాధారణం. చేతికి గాయాలు ఉన్నప్పుడు తొడుగులు లేకుండా దాన్ని ముట్టుకోకండి, టీకా గడువు దాటిందేమో చూసుకోండి.

దోకుడుపార

పోగు గురించి ఇద్దరూ వివరంగా చెప్పారు కాబట్టి నేను మడుల గురించి మాత్రమే రాస్తాను. పైమట్టి తీసివేయవద్దు, కలుపు మందు కొట్టవద్దు. మందు చంపేది మొలిచిన మొక్కను మాత్రమే. కింద నిద్రలో ఉన్న గింజ దానికి చిక్కదు, మీ కూరగాయ మొక్కకు మాత్రం ప్రమాదం ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ మడులను ఇక తిరగేయకండి. గడ్డి, తోటకూర, గంగపాయల వంటి చిన్న గింజలు ఎక్కువగా పైన ఉన్న ఒకటి రెండంగుళాల మట్టి నుంచే మొలుస్తాయి. వాటిలో చాలావాటికి వెలుతురు సోకితే గాని మెలకువ రాదు. మీరు ఎరువును పారతో కలిపినప్పుడు విత్తనాలు జానెడు లోతు వరకు చేరాయి. ఇప్పుడు మళ్ళీ తవ్వితే ఈసారి పైన ఉన్నవి కిందికి పోయి, కిందివి పైకి వచ్చి, ఇదే పంట మళ్ళీ మొదలవుతుంది. అవి కిందే చచ్చిపోతాయిలే అని ధీమాగా ఉండడానికీ లేదు. అమెరికాలో మిషిగన్ వ్యవసాయ కళాశాలలో విలియం జేమ్స్ బీల్ 1879లో కలుపు విత్తనాలను ఇసుకతో కలిపి ఇరవై సీసాల్లో పెట్టి పాతిపెట్టారు. ఆయన తరువాతివారు 2021లో ఒక సీసా తవ్వి తీస్తే అందులోని విత్తనాల్లో కొన్ని ఇంకా మొలిచాయి. అన్ని జాతులూ అంత మొండివి కావు, కానీ తోటకూర, గంగపాయల గింజలు మట్టిలో ఏళ్ళ తరబడి బతికి ఉండగలవు.

కాబట్టి పైన ఉన్నవాటిని మీరే పిలిచి మొలిపించి చంపాలి. ఖాళీగా ఉన్న మడిని చదును చేసి, విత్తినప్పటిలాగే పలుచగా నీళ్ళు పెట్టండి. పది, పన్నెండు రోజుల్లో మొలకలన్నీ ఒక్కసారిగా పైకి వస్తాయి. అవి రెండాకుల దశలో, తెల్లని దారపు పోగు వంటి వేరుతో ఉన్నప్పుడే దోకుడుపారను నేలకు దాదాపు సమాంతరంగా పట్టి, అరంగుళానికి మించి దిగకుండా పైపైన చెక్కండి. ఈ పని ఎండ బాగా ఉన్న రోజు ఉదయం చేస్తే మధ్యాహ్నానికి మొలకలు వాడి, సాయంత్రానికి వేళ్ళకు తగిలితే పొడిపొడిగా రాలిపోతాయి. మబ్బు పట్టిన రోజు చేస్తే సగం మళ్ళీ వేరు పట్టుకుంటాయి. మరో రెండు విడతలు ఇలాగే చేయండి. మూడో విడతకు మొలకల సంఖ్య స్పష్టంగా పడిపోవడం మీ కళ్ళకే కనిపిస్తుంది. గంగపాయల నాలుగాకులు దాటితే మాత్రం చెక్కి అక్కడే వదిలేయకండి. దాని కండగల కాడ నేల మీద పడి ఉండగానే మళ్ళీ వేరు వేయగలదు. ఏరి బయట పారేయాలి.

ఆ తరువాత ఆ మడుల్లో విత్తనం వేయడం కన్నా ఎదిగిన నారు నాటండి. నాటిన వెంటనే మూడంగుళాల మందాన గింజ లేని గడ్డితోనో ఎండుటాకులతోనో నేలను కప్పండి. మొక్కల మధ్య దూరం ఎక్కువగా ఉన్నచోట కప్పు కింద తడిపిన అట్టపెట్టె ముక్కలు పరిస్తే చాలావరకు మొలకలు పైకి రావు. మీకు ఒక మడి ఖాళీగా వదిలే వీలుంటే, మండువేసవిలో మట్టిని తడిపి, పారదర్శకమైన పాలిథీన్ పట్టా పరచి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే పైపొరలోని గింజలు చాలావరకు ఎండ వేడికే చస్తాయి. నల్ల పట్టా వెలుతురును ఆపుతుంది గాని మట్టిని అంతగా వేడెక్కించదు.

ఏ ఒక్క కలుపు మొక్కనూ గింజ పట్టనివ్వవద్దు. ఏపుగా పెరిగిన తోటకూర జాతి కలుపు మొక్క ఒక్కటే లక్షకు పైగా గింజలు రాల్చగలదు. ఈ సంవత్సరం మీరు పడే శ్రమంతా ఒక మూల మరిచిపోయిన ఒక్క మొక్కతో వృథా కాగలదు.

మీరు గడ్డి అనుకుంటున్న వాటిలో కొన్నిటి కాడను వేళ్ళ మధ్య దొర్లించి చూడండి. మూడు పలకలుగా తగిలితే అది తుంగ. తుంగ ప్రధానంగా గడ్డల నుంచి వ్యాపిస్తుంది కాబట్టి దానికి లద్దెను తప్పుపట్టలేము, పైపైన చెక్కినా అది పోదు. గడ్డతో సహా తవ్వి తీయవలసిందే.

చిక్కుడు తీగ

అందరూ కలుపు గురించే రాశారు. నాకు మాత్రం మీరు చివర చిన్న విషయమని రాసిన టమాటా ఆకుల సంగతి ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది.

గడ్డి భూముల్లో వెడల్పాకు కలుపును చంపడానికి వాడే మందుల్లో అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్, పిక్లోరామ్ అనేవి ఉన్నాయి. ఇవి గడ్డిని ఏమీ చేయవు, ఆ గడ్డిని మేసిన గుర్రాన్నీ ఏమీ చేయవు. చాలావరకు మార్పు చెందకుండానే దాని శరీరం గుండా బయటికి వచ్చి లద్దెలో, మూత్రంలో నిలిచి ఉంటాయి. ఆ ఎరువు వేసిన మడిలో టమాటా, చిక్కుడు, బఠాణీ, బంగాళాదుంప వంటి పంటలు అతి స్వల్ప మోతాదుకే దెబ్బతింటాయి. 2008లో బ్రిటన్‌లో ఎందరో పెరటితోటల వారు ఇలాగే నష్టపోవడంతో అమినోపైరాలిడ్ అమ్మకాన్ని అక్కడ కొంతకాలం నిలిపివేశారు. అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి, పైన చెప్పిన వేడి పోగు పద్ధతి ఈ మందును నమ్మకంగా పోగొట్టలేదు. కలుపు గింజలన్నీ చచ్చిన చక్కని కంపోస్టు కూడా మీ చిక్కుడును చంపగలదు.

ముడతలన్నీ ఒకటి కావు. ముదురాకులు అంచుల నుంచి పైకి చుట్టుకొని, ఆకు ఆకారం మాత్రం మామూలుగా ఉంటే అది ఎండకో, నీటి ఎద్దడికో, నత్రజని ఎక్కువైనందుకో కావచ్చు. కొత్త చిగురు సన్నబడి, ఫెర్న్ ఆకులా మెలితిరిగి, కాడ వంకర్లు పోతుంటే మందు అవశేషాన్ని అనుమానించాలి.

అనుమానంతో కూర్చోకుండా పరీక్ష చేయండి. పోగులో ఐదారు చోట్ల నుంచి ఎరువు తీసి కలిపి, దానికి సమానంగా ఎరువు తగలని మట్టి చేర్చి మూడు కుండీలు నింపండి. మరో మూడు కుండీలు ఆ మట్టితో మాత్రమే నింపండి. ఒక్కో దానిలో మూడు చిక్కుడు గింజలు వేసి, ఒక కుండీ నీరు ఇంకొక దానిలోకి పోకుండా విడివిడి పళ్ళేల్లో ఉంచండి. మొదటి జత ఆకులు చూసి నిర్ణయానికి రాకండి. మూడేసి ఆకుల కొమ్మలు రెండు మూడు వచ్చేదాకా, అంటే మూడు నాలుగు వారాలు ఆగండి. ఎరువు కుండీల్లో మాత్రమే ఆకులు దోసిలిలా గుంటపడితే ఆ పోగును కూరగాయలకు వాడవద్దు.

అవశేషం ఉన్నట్టు తేలితే దోకుడుపార గారి సలహాకు నా సలహా ఎదురు వస్తుంది. ఆ మందును విడగొట్టేవి మట్టిలోని సూక్ష్మజీవులే కాబట్టి మడిని పదే పదే తిరగేసి గాలి, తడి అందించాలి. ఆ మధ్యలో మొక్కజొన్న వంటి గడ్డిజాతి పంట వేసుకోవచ్చు. కలుపు పెరుగుతుందని తెలిసినా అప్పుడు తిరగేయక తప్పదు. అందుకే పరీక్ష ఫలితం వచ్చేదాకా మడుల్లో లోతుగా ఏ పనీ చేయకుండా పైపైన చెక్కుతూ ఉండడం మంచిది.

దోకుడుపార

చిక్కుడు తీగ గారితో ఏకీభవిస్తున్నాను. టమాటా విషయం నేను చదివి కూడా దాటవేశాను. ముందు ఆ పరీక్ష చేయండి.

పెరటిమడి

తొమ్మిది వారాల తరువాత రాస్తున్నాను. మీ అందరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. చిక్కుడు పరీక్షలో ఆరు కుండీల మొక్కలూ ఒకేలా, చదునైన ఆకులతో పెరిగాయి. టమాటా కొత్త చిగుళ్ళు కూడా సాఫీగా వస్తున్నాయి. ముడుచుకున్నవి కింది ఆకులు మాత్రమే, అదీ నీరు క్రమంగా పెట్టడం మొదలుపెట్టాక తగ్గింది.

ఆ ఫలితం వచ్చాకే పోగు పని మొదలుపెట్టాను. తిరగేసే ముందు అందులోని ఎరువు కొంత తీసి, ఒక వెడల్పాటి పళ్ళెంలో పరచి తడిపి ఉంచితే రెండు వారాల్లో 112 మొలకలు వచ్చాయి. పోగు రెండో రోజుకు 48 డిగ్రీలు, నాలుగో రోజుకు 66 డిగ్రీలు చూపింది. మూడోసారి తిరగేసినప్పుడు లోపల బూడిద చల్లినట్టు తెల్లని పొర కనిపించి భయపడ్డాను, వేడి కూడా 50కి పడిపోయింది. ఆ భాగం ముట్టుకుంటే పూర్తిగా పొడిగా ఉండడంతో నీళ్ళు బాగా చల్లి మళ్ళీ పేర్చాను. రెండు రోజుల్లో తిరిగి 61కి చేరింది. మొత్తం ఐదు సార్లు తిరగేశాను. చల్లారాక అదే పళ్ళెంలో, అంతే ఎరువుతో మళ్ళీ చూస్తే నాలుగు మొలకలే వచ్చాయి. మూడు గడ్డి మొలకలు, ఒకటి తీగజాతిది. మడుల్లో రెండు విడతలు చెక్కడం పూర్తయింది. మూడో విడత మొలకలు బాగా పలుచగా ఉన్నాయి. తుంగ నాలుగు చోట్ల దొరికింది, గడ్డలతో సహా తవ్వేశాను. ఆ మిగిలిన నాలుగు మొలకల వల్ల ఈ ఎరువును వాడకూడదంటారా?

కంపోస్టు కుప్ప

మీరు చూసిన తెల్లని పొర వేడిని ఇష్టపడే ఆక్టినోమైసీట్స్ అనే సూక్ష్మజీవులది. అది చెడ్డది కాదు, పోగు ఎండిపోతున్నదని చెప్పే గుర్తు. మీరు నీళ్ళు చల్లడం సరైన పనే. ఎండిన ఆ కొద్ది రోజుల్లో కొన్ని గడ్డి గింజలు తప్పించుకొని ఉంటాయి. తీగజాతి గింజల పెంకు నీటిని లోనికి రానివ్వనంత గట్టిది కాబట్టి మంచి పోగులో కూడా ఒకటి అరా మిగులుతాయి.

ఎరువును నిశ్చింతగా వాడుకోవచ్చు, అయితే రెండు నెలలు కప్పి మాగనిచ్చిన తరువాతనే. వేసేటప్పుడు మట్టిలో కలపకుండా నాటిన మొక్కల చుట్టూ ఒక అంగుళం మందాన పైన పరచి, దాని మీద గడ్డి కప్పండి. మిగిలిన గింజలేవైనా ఉంటే పైనే మొలుస్తాయి, రెండు వేళ్ళతో లాగితే వచ్చేస్తాయి. మాగే రెండు నెలలూ పోగు చుట్టూ మూడడుగుల మేర ఏ కలుపూ పూతకు రాకుండా చూసుకోండి.